పెరట్లో పోలికల పిట్టలను గుర్తుపట్టడం ఎలా

మా పెరట్లో మూడు రకాల తేనెపిట్టలు ఉన్నాయని రెండేళ్లు నమ్మాను. ఒకటి నల్లగా నిగనిగలాడేది. రెండోదానికి పొట్ట పసుపు, గొంతు నుంచి కిందికి కాటుకతో గీసినట్టు ఒక చార. మూడోది ఏ చారా లేని పసుపుపచ్చ పిట్ట. నోటుపుస్తకంలో మూడింటికీ మూడు పేజీలు కేటాయించాను కూడా. మూడో ఏడు కార్తీకంలో మునగపూల మీదికి వచ్చిన చార పిట్టను రోజూ గమనిస్తుంటే, దాని ఒంటి మీద అక్కడక్కడ నల్లటి మచ్చలు మొలవడం మొదలైంది. సంక్రాంతి దాటేసరికి చార ఎక్కడుందో తెలియనంతగా నల్లబడింది. నల్లదీ చారదీ ఒకే మగపిట్ట. మూడోది దాని ఆడపిట్ట. రెండు పేజీలు కొట్టేశాను.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, నేను రంగును నమ్మాను. పిట్టల రంగు వయసుతో మారుతుంది, కాలంతో మారుతుంది, ఎండ పడే తీరుతో మారుతుంది. ముక్కు మారదు. తోక ఆకారం మారదు. కూర్చునే తీరు, తినే తిండి, అరిచే గొంతు అంత తేలికగా మారవు. అందుకే కింద చెప్పే పద్ధతిలో రంగు ఆఖరిది.

ముందు కొలబద్ద పెట్టుకోండి

పిట్ట ఎంత ఉందో సెంటీమీటర్లలో అంచనా వేయబోతే ఎవరికైనా తప్పుతుంది. మీకు బాగా తెలిసిన మూడు పిట్టలను కొలబద్దలుగా పెట్టుకోండి. పిచ్చుక సుమారు 15 సెంటీమీటర్లు, గోరింక సుమారు 23, కాకి సుమారు 40. కొత్త పిట్ట కనిపించగానే "పిచ్చుక కంటే చిన్నదా? గోరింక అంత ఉందా? కాకి కంటే సన్నగా ఉందా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం పిట్టలు పక్కకు తప్పుకుంటాయి.

తర్వాత ముక్కు చూడండి. పొట్టిగా, లావుగా, శంకువులా ఉంటే గింజలు తినేది. సన్నగా కిందికి వంగి ఉంటే పూలలో తేనె తాగేది. కొస కొక్కెంలా తిరిగి ఉంటే మాంసం తినేది. ముక్కు తర్వాత తోక: పొడవా పొట్టా, కొస చీలిందా గుండ్రమా, నిక్కబొడుచుకుని ఉందా కిందికి వేలాడుతోందా. ఆ తర్వాత పిట్ట ఏం చేస్తోందో చూడండి. నేల మీద నడుస్తోందా, గెంతుతోందా, కొమ్మ దిగకుండా పండ్లు తింటోందా. ఇవన్నీ అయ్యాక రంగు.

నిలబడే చోటు కూడా ముఖ్యమే. పొద్దున్నే తూర్పుకు వీపు పెట్టి నిలబడండి, వెలుగు పిట్ట మీద పడుతుంది. ఎండకు ఎదురుగా చూస్తే ప్రతి పిట్టా నల్లపిట్టే.

పిట్టను దగ్గరికి రప్పించడం

ఇది తేలిక. ఒక మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో చిన్న రాయి పెట్టి, కిటికీలోంచి కనిపించే చోట ఉంచండి. పిల్లి పొంచి ఉండే పొద పక్కన వద్దు. నీళ్లు రోజూ మార్చండి, దోమలు పెట్టకుండా ఉంటాయి. చెట్టు మీద అర నిమిషం నిలవని పిట్ట కూడా స్నానానికి దిగితే రెండు మూడు నిమిషాలు అక్కడే ఉంటుంది, రెక్కలు విప్పి మరీ చూపిస్తుంది. వేసవి మధ్యాహ్నం మా మూకుడు దగ్గర పిగిలిపిట్టలు (బుల్బుల్ పిట్టలు) వరుసలో నిలబడి వంతుల కోసం తగువాడుకుంటాయి.

కరివేపాకు చెట్టు ఉంటే కాయలు కోసేయకండి. అవి నల్లబడే రోజుల్లో పిగిలిపిట్టలు, కోయిలలు వాటంతట అవే వస్తాయి.

తేనెపిట్టలు: అన్నింటికంటే ఎక్కువ తికమక ఇక్కడే

మన పెరళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. పిచ్చుక కంటే బాగా చిన్నవి, పది సెంటీమీటర్ల లోపు. ముక్కు సన్నగా వంగి ఉంటుంది. మందారం, మునగ, అరటి పువ్వు ఉన్న చోట తప్పకుండా దొరుకుతాయి.

మొదటిది ఊదా తేనెపిట్ట. మగది జత కట్టే కాలంలో ఒళ్లంతా నలుపే. ఎండ పడితే ఊదా, నీలం మెరుపులు. ఆ కాలం గడిచాక నలుపు రాల్చుకుని పొట్ట పసుపుగా, మధ్యలో ఒక్క నల్లటి చారతో మిగులుతుంది. నన్ను రెండేళ్లు మోసం చేసింది ఇదే.

రెండోది నడుము మీద ఊదా మచ్చ ఉండేది. మగదాని పొట్ట ఏడాది పొడుగునా పసుపుపచ్చే. వీపు ముదురు మెరూన్, నెత్తి మీద ఆకుపచ్చ తళుకు, ఛాతీకి అడ్డంగా మెరూన్ పట్టీ. ఇది వేషం మార్చదు. కాబట్టి ఛాతీకి అడ్డంగా పట్టీ ఉంటే ఇది. పొట్టకు నిలువుగా చార ఉంటే ఊదా తేనెపిట్ట మగది. అడ్డం, నిలువు: ఈ రెండు మాటలు గుర్తుంటే మగవాటితో ఇక ఇబ్బంది లేదు.

ఆడవాటి దగ్గర అసలు పరీక్ష. రెండూ పైన బూడిద కలిసిన ఆకుపచ్చ, కింద పసుపు. చూడవలసింది గొంతు. ఊదా తేనెపిట్ట ఆడదానికి గొంతు దగ్గర నుంచే పసుపు మొదలవుతుంది. రెండోదాని ఆడపిట్టకు గొంతు తెల్లగా, బూడిద ఛాయలో ఉండి, పసుపు ఛాతీ దగ్గర మొదలవుతుంది. పిట్ట తలెత్తి పువ్వులోకి ముక్కు పెట్టిన క్షణంలో గొంతు స్పష్టంగా కనిపిస్తుంది, ఆ క్షణం కోసం కాచుకోండి. మా ఇంట్లో మందారం కిటికీకి మూరెడు దూరంలో ఉంది. మందారం పువ్వులోకి నేరుగా వెళ్లే ఓపిక లేక, పిట్ట పువ్వు మొదట్లో పక్క నుంచి ముక్కుతో పొడిచి తేనె లాగేస్తుంది. అలా పక్కకు వాలినప్పుడే తెల్ల గొంతును మొదటిసారి సరిగా చూశాను.

ఎప్పుడైనా ముక్కు మరీ పొడవుగా, కొడవలిలా వంగిన నల్ల తేనెపిట్ట కనిపిస్తే, పొట్ట మసిబారిన గోధుమ రంగులో ఉందేమో చూడండి. అది లోటెన్ తేనెపిట్ట. తరచుగా రాదు గాని, వచ్చినప్పుడు ఆ ముక్కు చూస్తే పొరబడే అవకాశం లేదు.

గూడు కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి. సాలెగూటి దారాలు, ఎండుటాకులు, బెరడు ముక్కలు అతికించిన సంచీలా తీగ కొసకు వేలాడుతుంది. చూస్తే చెత్త చిక్కుకుందేమో అనిపిస్తుంది. మా ఇంట్లో ఒకసారి బట్టలు ఆరేసే తీగ మీద కట్టింది. పిల్లలు ఎగిరిపోయేదాకా బట్టలన్నీ మేడ మీదే ఆరేశాం.

నల్లగా ఉన్నదంతా కాకి కాదు

ఊరకాకికి మెడ బూడిద రంగు. బొంతకాకికి ఒళ్లంతా నలుపు, ముక్కు లావు, గొంతు ఇంకా బొంగురు. కాకులు రెండింటికీ ఇంతే తేడా. బొంతకాకి చెట్లు ఎక్కువ ఉన్న చోట, ఊరి చివర ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు తికమక మగకోయిలతో. పొడవు కాకంత ఉంటుంది, నల్లగా ఉంటుంది, ఆకుల మధ్య సగం మాత్రమే కనిపిస్తుంది. కళ్లు చూడండి, ఎర్రగా ఉంటాయి. ముక్కు పాలిపోయిన ఆకుపచ్చ. కాకి కంటే సన్నం, తోక పొడవు. ఇంకో గుర్తు ప్రవర్తన: కాకి నేల మీద ఠీవిగా నడుస్తుంది, కోయిల సాధారణంగా చెట్టు దిగదు. మీ ఇంటి ముందు నేల మీద అన్నం మెతుకులు ఏరుకునేది కోయిల కాదు.

ఆడకోయిలను చాలామంది వేరే పిట్ట అనుకుంటారు. గోధుమ రంగు, పైన తెల్లటి చుక్కలు, కింద అడ్డచారలు. డేగ పిల్లేమో అని మా పక్కింటావిడ ఒకసారి భయపడి కోడిపిల్లలను గంప కింద పెట్టారు. దీని కళ్లూ ఎరుపే. వసంతంలో "కుహూ కుహూ" అని గొంతు పెంచుకుంటూ పాడేది మగది. ఆడది "కిక్ కిక్ కిక్" అని గబగబా అరుస్తుంది. కవులు ఇన్ని వందల ఏళ్లు కోయిలమ్మను పొగిడారు గాని, ఆ పొగడ్త చేరవలసింది కోయిలయ్యకు. కాకి గూడు ఉన్న చెట్టు చుట్టూ ఈ ఇద్దరి హడావిడి ఎక్కువగా ఉంటే ఎందుకో మీకు తెలుసు: ఆడకోయిల గుడ్లు పెట్టేది కాకి గూట్లోనే.

జెముడుకాకి కూడా నల్లనే, కళ్లు ఎరుపే, తోక పొడవే. కాని రెక్కలు ఇటుక రంగులో ఉంటాయి, పొదల కింద నేల మీద నడుస్తూ నత్తలు, పురుగులు వెతుకుతుంది. దూరం నుంచి "ఊప్, ఊప్, ఊప్" అని కుండలోంచి వచ్చినట్టు వినిపించే గొంతు దానిదే.

ఇంకొకటి ఏట్రింత. కొన్ని చోట్ల దీన్ని పసుల పోలిగాడు అంటారు, గేదెల వీపు మీద ఎక్కి తిరుగుతుంది కాబట్టి. ఇది కాకి కంటే చాలా చిన్నది, గోరింక కంటే కాస్త పొడవు. ఆ పొడవు అంతా తోకదే. తోక కొస చేపతోకలా రెండుగా చీలి ఉంటుంది. కరెంటు తీగ మీద నిటారుగా కూర్చుని, గాల్లో పురుగును పట్టి మళ్లీ అదే చోటికి వచ్చి కూర్చుంటే సందేహించనక్కరలేదు. తన గూటి దగ్గరికి వచ్చిన కాకినీ గద్దనూ నెత్తి మీద పొడిచి తరుముతుంది. శీతాకాలంలో దీని పోలికలోనే నలుపు తగ్గి బూడిద ఛాయలో, ఎర్రటి కళ్లతో ఒకటి చెట్ల కొమ్మల్లో కనిపించవచ్చు. అది బూడిద ఏట్రింత, చలికాలపు అతిథి.

నల్లంచి గురించి రెండు మాటలు. పిచ్చుక కంటే కొంచెం పెద్దదై, తోక నిక్కబొడుచుకుని, తోక కింద ఇటుక రంగు కనిపిస్తే నల్లంచి. తోక నిక్కబొడుచుకునే ఉన్నా, నలుపు తెలుపులు చక్కగా విడిపోయి, పొట్ట తెల్లగా ఉండి, తెల్లవారకముందే ఈల పాట మొదలుపెడితే పెద్ద నల్లంచి. వేసవి ఉదయం నాలుగున్నరకు నిద్రలేపే గాయకుడు ఇదే.

గోరింకలు, గువ్వలు

మామూలు గోరింకకు కంటి చుట్టూ పసుపు చర్మం, పసుపు ముక్కు, పసుపు కాళ్లు. ఎగిరితే రెక్కల్లో తెల్లటి మచ్చ తళుక్కుమంటుంది. పాపట గోరింకకు నెత్తి మీద నల్లటి జుట్టు, నూనె రాసి వెనక్కి దువ్వినట్టు మెడ మీద పడి ఉంటుంది. ఛాతీ, పొట్ట లేత నారింజ. ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్ల మచ్చ ఉండదు. తిరుగులేని గుర్తు అదే, ఎందుకంటే ఎగిరిపోతున్న పిట్టే మనకు ఎక్కువగా కనిపిస్తుంది.

గువ్వలకు మెడ వెనక చూస్తే చాలు. నల్లటి మచ్చలో తెల్ల చుక్కలు, రెక్కల మీద కూడా చుక్కలు ఉంటే చుక్కల గువ్వ. మెడ వెనక సన్నటి నల్ల పట్టీ అర్ధచంద్రంలా ఉండి, ఒళ్లు ఇసుక రంగులో ఉంటే పట్టీ గువ్వ. మెడ ముందూ పక్కలా ఇటుక, నలుపు గళ్లు ఉండి, రెక్కల మీద ఏ చుక్కా లేకపోతే చిన్న గోధుమ గువ్వ, ఇది మూడింటిలో చిన్నది. ఏసీ పెట్టె మీద రెండు పుల్లలు పెట్టి దాన్నే గూడు అనుకునేది ఎక్కువగా ఈ చిన్నదే.

పిగిలిపిట్టల విషయంలో తోక కింది ఎరుపును నమ్మకండి, రెండు రకాలకూ ఉంటుంది. తల నల్లగా, పొట్ట మసకగా ఉంటే మన ఊళ్లలో అంతటా ఉండే మామూలు పిగిలిపిట్ట. నెత్తి మీద జుట్టు కొమ్ములా నిలబడి, బుగ్గ మీద ఎర్ర బొట్టు, పొట్ట తెలుపు అయితే రెండోది. అరకు లాంటి కొండ ప్రాంతాల వైపు వెళ్లినప్పుడు దీన్ని వెతకండి.

పిచ్చుకా, గిజిగాడా?

మగపిచ్చుకకు గొంతు కింద నల్లటి మచ్చ, నెత్తి బూడిద. జత కట్టే కాలంలో మగ గిజిగాడికి నెత్తి, ఛాతీ పసుపు, ముఖం ముదురు గోధుమ. ఇక్కడ ఎవరూ పొరబడరు. కాని ఆడవి, పసుపు పోయిన మగ గిజిగాళ్లు కలిసి గుంపుగా వాలినప్పుడు అన్నీ పిచ్చుకల్లాగే కనిపిస్తాయి.

ముక్కు చూడండి. గిజిగాడి ముక్కు ముఖానికి మించి లావుగా ఉంటుంది. తోక పొట్టి. వీపు మీద గీతలు గట్టిగా ఉంటాయి. చోటు కూడా చూడండి: పిచ్చుకకు గోడ కన్నం, ఫ్యాను గిన్నె, దుకాణం షట్టరు కావాలి. గిజిగాడికి వరిచేను, తాటిచెట్టు, బావి మీదికి వంగిన తుమ్మ కావాలి. చేలకు దగ్గరగా ఇల్లుంటే రెండూ ఒకే గింజల దగ్గర కలుస్తాయి, అప్పుడు ముక్కే దిక్కు.

దసరా పొరపాటు

దసరా నాడు పాలపిట్టను చూడటం తెలంగాణలో ఆనవాయితీ, అది ఆ రాష్ట్ర పక్షి కూడా. విభజనకు ముందు ఉమ్మడి రాష్ట్రానికీ అదే. ఆ రోజు పొలాల వైపు వెళ్లి, నీలి రెక్కలు కనిపించగానే దండం పెట్టి తిరిగి వచ్చేవాళ్లలో కొందరు చూసేది నిజానికి లకుముకి పిట్టను.

లకుముకి అంటే చెరువు గట్టు పిట్ట అనే అభిప్రాయం వల్ల ఈ తప్పు జరుగుతుంది. తెల్ల గొంతు లకుముకికి నీళ్లు తప్పనిసరి కాదు, పెరట్లో మిడతలు, తొండలు తిని బతికేస్తుంది. దీని ముక్కు పెద్దది, ఎర్రనిది. తల చాక్లెట్ రంగు, గొంతు నుంచి ఛాతీ దాకా తెలుపు. కూర్చున్నప్పుడే వీపు నీలంగా మెరుస్తుంది.

పాలపిట్ట ముక్కు నలుపు. కూర్చుని ఉంటే మామూలు గోధుమ పిట్టలా, నిరాశ కలిగించేలా ఉంటుంది. రెక్క విప్పిందా, ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా బయటపడతాయి. అంటే కూర్చున్నప్పుడే నీలం మెరిస్తే లకుముకి, ఎగిరినప్పుడు నీలం పేలితే పాలపిట్ట. ముక్కు రంగుతో సరిచూసుకోండి.

పండుగ రోజున పాలపిట్టను పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడిగేవాళ్లు ఎదురైతే ఇవ్వకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం దాన్ని పట్టడం నేరం. ఇంట్లో రామచిలుకను పెంచడానికీ అదే చట్టం వర్తిస్తుంది, అది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అయినా సరే. చిలుక మెడకు హారం లేకపోతే వేరే జాతి అనుకోకండి. హారం ఎదిగిన మగదానికే ఉంటుంది. భుజం మీద ఎర్ర మచ్చ, ఒళ్లు బాగా పెద్దది అయితే మాత్రం వేరే జాతి, పెద్ద చిలుక.

పొదల్లోని చిట్టి పిట్టలు

కుట్టుపిట్టనూ బూడిద ప్రినియానూ ఆడ తేనెపిట్టతో కలిపేయడం మామూలే. ముక్కు నిటారుగా ఉందంటే తేనెపిట్ట కాదు. నెత్తి ఇటుక రంగు, వీపు ఆకుపచ్చ, తోక నిక్కబొడుచుకుని, ఒంటికి మించిన గొంతుతో "టువిట్ టువిట్" అంటే కుట్టుపిట్ట. పైన బూడిద, కింద లేత ఇటుక రంగు అయితే ప్రినియా. పొద నుంచి పొదకు ఎగిరేటప్పుడు ఎవరో చిటికెలు వేస్తున్నట్టు "టిక్ టిక్" వినిపిస్తే, చూడకుండానే ప్రినియా అని రాసేయవచ్చు.

రాసుకోవడం, ఫోను వాడటం

పిట్ట కనిపించగానే పుస్తకం తెరవకండి, ఫోను తీయకండి. ముందు పిట్టను చూడండి, అది వెళ్లిపోయాక కనిపించినది కాగితం మీద రాయండి. ముందే బొమ్మ చూస్తే, ఆ బొమ్మలో ఉన్నవన్నీ మీరు చూశాననే భ్రమ కలుగుతుంది. నా పాత నోటుపుస్తకంలోని ఒక రోజు ఇలా ఉంది: "ఉదయం 6:40. మునగ. పిచ్చుక కంటే చిన్న. ముక్కు వంపు. గొంతు తెలుపు? పక్కన నల్లది లేదు." అంతే. ఆ ప్రశ్నార్థకం నిజాయితీగా ఉంది కాబట్టే మర్నాడు మళ్లీ గొంతు కోసం చూశాను.

మెర్లిన్ అనే ఉచిత యాప్ ఫొటో చూసి, గొంతు విని పేర్లు సూచిస్తుంది. గొంతు విషయంలో బాగా ఉపయోగపడుతుంది, ముఖ్యంగా తెల్లవారుజామున పిట్ట కనిపించనప్పుడు. కాని అది చెప్పిన పేరును జవాబుగా కాకుండా ప్రశ్నగా తీసుకోండి: ఆ జాతికి ఉండవలసిన ముక్కు, తోక నేను చూశానా? గూటి దగ్గర రికార్డు చేసిన గొంతును మళ్లీ వినిపించి పిట్టను రెచ్చగొట్టవద్దు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. ఇది 1998లో మొదలైంది, మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. కనీసం పదిహేను నిమిషాలు పెరట్లో కూర్చుని, చూసినవి ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైటులో రాస్తే చాలు. ఏ జాతో తేలని పిట్ట ఉంటే బలవంతంగా పేరు పెట్టకండి. "తేనెపిట్ట, ఏ రకమో తెలియదు" అని నమోదు చేసే వీలు అందులో ఉంది. నా మొదటి ఏడాది జాబితాలో అలాంటివి నాలుగు ఉన్నాయి, వాటిలో రెండింటికి ఇప్పటికీ పేరు పెట్టలేదు.